ఫ్యాను జోరు పెంచుకొనుటకు అనుమతి

మా కమిషనరుగారు వేసవిలో ఏదో కొండమీది ఆశ్రమానికి వెళ్లి పది రోజులు మాట్లాడకుండా కూర్చుని వచ్చారు. రాగానే తొలి సంతకం ‘మౌన పాలన’ ఉత్తర్వు మీద పెట్టారు. శబ్దము ఆలోచనకు శత్రువు, ఆలోచన లేనిదే పాలన లేదు, కావున ఇకపై శాఖ కార్యాలయములన్నిటా శబ్దము నలభై డెసిబెళ్లకు మించరాదు అని దాని సారాంశం. మా ఆఫీసుల్లో ఇన్నాళ్లూ ఆలోచన ఎందుకు జరగలేదో నాకు అప్పటిగ్గానీ తెలిసిరాలేదు.

వారం తిరక్కుండా ప్రతి కార్యాలయం గోడకీ ఒక మీటరు బిగించారు. నలభై లోపైతే పచ్చదీపం, దాటితే ఎర్రదీపం. ఇక్కడ ఎర్రదీపం వెలిగితే రాజధానిలో కమిషనరుగారి బల్లమీద కూడా ఒకటి వెలుగుతుందట. అటెండరు కనకారావు చెప్పులు విప్పేసి మేజోళ్లతో తిరగడం మొదలెట్టాడు. స్టాప్లరు మానేసి కాగితాలు దారంతో కుట్టాం. టైపిస్టుకు జలుబు చేస్తే తగ్గేదాకా సెలవులో ఉండమన్నాం. నా పేరు ఇవటూరి ప్రకాశరావు. ఆ ఆఫీసుకు సూపరింటెండెంటుని, మెమోలు రాయడం నా పని. ఆ నెలలో తుమ్ముల మీద కూడా ఒకటి రాశాను.

మాది ముంపు పటాల కేంద్రం. గోదావరి గట్టు పక్కన మేడమీద మూడు గదులు. ఎగువన పడిన వాన, నదిలో నీటిమట్టం లెక్కలు వస్తే వాటిని ఒక పెద్ద కంప్యూటరులో వేస్తాం. ఏ లంక ఎన్ని గంటలకు, ఎన్ని అడుగులు మునుగుతుందో అది పటం గీసి చూపిస్తుంది. ఆ పటం చూసి కలెక్టరాఫీసు వాళ్లు పడవలు పంపుతారు. మామూలుగా మూడు గంటల పని. ఆ లెక్కంతా చేసేది కంప్యూటరు లోపలుండే గ్రాఫిక్స్ కార్డు. లెక్క చేసేటప్పుడు అది బాగా వేడెక్కుతుంది. చల్లబరచడానికి దాని ఒంటిమీదే మూడు చిన్న ఫ్యాన్లున్నాయి. ఈ సంగతులన్నీ నాకు చెప్పింది బందెల రోజ్‌మేరీ. ఆ యంత్రం పని తెలిసిన మనిషి మా ఆఫీసులో ఆమె ఒక్కతే, కాంట్రాక్టు ఉద్యోగి కూడా ఆమె ఒక్కతే.

మా పటాన్ని అందరికంటే ఎక్కువ నమ్మింది కొంగవారిలంకలో ఉండే పితాని వెంకాయమ్మ. ఆవిడకు ఆరు గేదెలున్నాయి. లంక నుంచి గట్టుకు చేర్చాలంటే పడవలో రెండేసి చొప్పున మూడు సార్లు తిరగాలి, నాలుగు గంటల పని. ఊరికే ముందుగా తెచ్చి గట్టుమీద కట్టేస్తే మేత ఉండదు, పాలు ఎండిపోతాయి. అందుకని వరద కబురు వచ్చినప్పుడల్లా మా ఆఫీసుకు ఫోను చేసి ఒక్కటే మాట అడిగేది. “బాబుగారండీ, మా లంక మునుగుతాదా, మునగదా?” రెండేళ్లుగా మేం చెప్పిందే జరిగింది.

మౌన పాలన వచ్చాక తొలి వానకు రోజ్‌మేరీ లెక్క మొదలెట్టింది. పావుగంటకు ఫ్యాన్లు హోరెత్తాయి. మీటరు యాభై రెండు చూపించి ఎర్రగా వెలిగింది. మా జాయింట్ డైరెక్టరు తాళ్లూరి పరదేశయ్యగారు తన గదిలోంచి మేజోళ్ల మీద పరుగెత్తుకొచ్చారు.

“ఏమిటా ఘోష?” అన్నారు గుసగుసగా.

“కార్డు వేడెక్కిందండి,” అంది రోజ్‌మేరీ.

“కార్డు వేడెక్కడమేమిటమ్మా? నా దగ్గర రేషన్ కార్డు మొదలు క్లబ్బు కార్డు దాకా ఉన్నాయి. ఒక్కటీ వేడెక్కిన పాపాన పోలేదు.”

“ఇది ఆ కార్డు కాదండి. లెక్క చేసేదండి. వేడి పెరిగే కొద్దీ ఫ్యాను దానంతటదే జోరు పెంచుకుంటదండి.”

పరదేశయ్యగారి మొహం మారిపోయింది. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయన ఇలాంటి మాట విని ఉండరు.

“దానంతటదేనా? ఎవరి ఉత్తర్వు మీద?”

రోజ్‌మేరీ నా వంక చూసింది. నేను మీటరు వంక చూశాను.

“నేను నా గది ఫ్యాను మూడు నుంచి నాలుగుకు మార్చుకోవాలంటే కనకారావును పిలుస్తాను,” అన్నారాయన. “ఒక ప్రభుత్వ పంకా, ఎవరినీ అడగకుండా, ఏ అధికారమూ దఖలుపడకుండా, స్వీయ నిర్ణయముతో వేగము పెంచుకొనుచున్నదా? రేపు కుర్చీ తనంతట తను పక్క సెక్షనుకు పోతానంటుంది.”

ఆ పూటే ఉత్తర్వు వెలువడింది. తదుపరి ఆదేశములు వచ్చువరకు సదరు పంకా ఇరవై శాతము వేగమునకు మించి తిరగరాదు. రోజ్‌మేరీ ఇష్టం లేకుండానే ఆ అంకె వేసింది. హోరు ఆగిపోయింది, పచ్చదీపం వెలిగింది. కార్డు మాత్రం ఎనభై మూడు డిగ్రీలకు పోయి, కాలిపోకుండా తనను తాను కాపాడుకోవడానికి పని నెమ్మది చేసుకుంది. మూడు గంటల పటానికి పదకొండు గంటలు పట్టింది. అదృష్టం బాగుండి ఆ వానకు ఏ లంకా మునగలేదు, కాబట్టి ప్రయోగం విజయవంతమైందని నేనే నివేదిక రాశాను.

రోజ్‌మేరీ ఊరుకోలేదు. ఆదివారం వచ్చి యంత్రం విప్పి, రెండేళ్ల దుమ్మంతా ఊదేసింది. కార్డు తాగే కరెంటు కొంచెం తగ్గించింది. తర్వాత గ్రాఫు కాగితం మీద ఒక గీత గీసింది. యాభై డిగ్రీల దాకా ఫ్యాను మెల్లగా తిరగాలి, అక్కణ్ణుంచి వేడితోపాటు నెమ్మదిగా జోరు పెరగాలి, డెబ్బై అయిదు దగ్గర మూడింట రెండు వంతుల జోరుతో నిలబడాలి. ఒక్కసారిగా ఎగరడం, దిగడం ఉండకూడదు, చెవికి తగిలేది ఆ ఎగుడుదిగుడేనంది. సోమవారం నడిపి చూపించింది. లెక్క మూడు గంటల ఇరవై నిమిషాల్లో అయిపోయింది. మీటరు ముప్పై తొమ్మిది దాటలేదు.

నాకు సంతోషమేసింది. ఇంత పెద్ద చిక్కు ఒక గీతతో తెగిపోవడం నేను ఆ ఆఫీసులో చూడలేదు. పరదేశయ్యగారు గ్రాఫు కాగితాన్ని వెలుగుకు ఎత్తి చాలాసేపు చూశారు.

“శబ్దం ఆమోదయోగ్యమే. వేడి ఆమోదయోగ్యమే. కానీ ఈ గీత పైకి పోతోందమ్మా,” అన్నారు.

“అవునండి, వేడి పెరిగితే...”

“మన శాఖలో పైకి పోయేది ఏదైనా ఫైలే. ఫైలు పైకి పోవాలంటే మెట్టుమెట్టుకీ సంతకం ఉంటుంది. ఈ గీత మీద ఒక్క సంతకమైనా ఉందా?”

రోజ్‌మేరీ తన సంతకం పెడతానంది. కాంట్రాక్టు ఉద్యోగి సంతకం కింద గీత నిలవదని ఆయన ఓపిగ్గా వివరించారు. ఆ తర్వాత పంకా వేగాధికార నిర్ణాయక సంఘం ఏర్పడింది. అధ్యక్షులు పరదేశయ్యగారు, కార్యదర్శిని నేను. విద్యుత్ విభాగం నుంచి వచ్చిన ఇంజనీరుగారు అయిదు నంబర్ల రెగ్యులేటరు ఒకటి జేబులోంచి తీసి, దీన్ని ఎక్కడ బిగించాలని అడిగారు. మూడు వారాలు కూర్చున్నాం. మౌన పాలన కాబట్టి చర్చంతా చీటీల మీదే జరిగింది. చివరికి రోజ్‌మేరీ గీత నాలుగు మెట్లయింది. యాభై డిగ్రీలు దాటితే జూనియర్ అసిస్టెంటు ఫ్యానును ముప్పై శాతానికి పెంచవచ్చు. అరవై నుంచి డెబ్బై దాకా సూపరింటెండెంటు, అంటే నేను, నలభై అయిదుకు పెంచవచ్చు. డెబ్బై నుంచి ఎనభై దాకా జాయింట్ డైరెక్టరుగారు. ఎనభై దాటిన వేడి కమిషనరుగారి పరిధిలోకి వస్తుంది. ప్రతి పెంపుకూ వేడి ఎంతో రాసి ఫైలు పెట్టాలి, సంతకమై వచ్చాక అంకె మార్చాలి.

“ఫైలు తిరిగొచ్చేసరికి వేడి మారిపోతదండి,” అంది రోజ్‌మేరీ.

“అనుమతి లేకుండా ఎలా మారుతుంది?” అన్నారు పరదేశయ్యగారు.

నిజం చెప్పొద్దూ, ఆ పట్టిక చూసుకుని నాకు గర్వంగానే ఉంది. అరవై నుంచి డెబ్బై డిగ్రీల మధ్య వేడంతా నాదే. అంతకు ముందు ఏ సూపరింటెండెంటుకూ అంత అధికారం దఖలుపడలేదు.

శ్రావణంలో ఎగువన మూడు రోజులు వాన విడవలేదు. నాలుగో రోజు ఉదయం ఏడింటికి నీటిమట్టం లెక్కలొచ్చాయి. రోజ్‌మేరీ వాటిని యంత్రంలో వేసింది. పదింపావుకల్లా పటం వచ్చేయాలి. ఏడున్నరకు జూనియర్ అసిస్టెంటు తన మెట్టు దాటించాడు. ఎనిమిదికి అరవై ఎనిమిది డిగ్రీలని ఫైలు నా బల్లమీదికి వచ్చింది. ‘పరిశీలించి ఆమోదించడమైనది’ అని క్షణంలో సంతకం చేశాను. ఎనిమిదీ ఇరవైకి డెబ్బై రెండు. ఫైలు పరదేశయ్యగారికి పోవాలి. ఆయన ఎనిమిది నుంచి పదిన్నర దాకా మౌన సాధనలో ఉంటారు, తలుపు తట్టకూడదని ఉత్తర్వు ఉంది.

తొమ్మిదిన్నరకు వెంకాయమ్మ ఫోను చేసింది.

“బాబుగారండీ, ఏరు ఎర్రగా తిరుగుతాందండి. మా లంక సంగతి తేలిందా?”

“లెక్క జరుగుతోందమ్మా. కాసేపట్లో చెబుతాం.”

“పడవోడు ఇక్కడే ఉన్నాడండి. తవరు ఊఁ అంటే మొదలెట్టేస్తాం.”

పదిన్నరకు పరదేశయ్యగారు ప్రశాంతవదనంతో బయటికొచ్చి ఫైలు చూశారు. ‘డెబ్బై రెండు డిగ్రీలకు గాను అనుమతించడమైనది’ అని రాశారు. అప్పటికి వేడి ఎనభై ఒకటి. డెబ్బై రెండుకు ఇచ్చిన అనుమతి ఎనభై ఒకటికి చెల్లదు. ఫైలు రాజధానికి పోవాలి. ఎనభై డిగ్రీలు ఎందుకు దాటనిచ్చారో సాంకేతిక సిబ్బంది స్వయంగా సంజాయిషీ చెప్పుకోవాలని అక్కణ్ణుంచి వెంటనే కబురొచ్చింది. కలెక్టరాఫీసులో వీడియో ద్వారా పదకొండున్నరకు హాజరు కావాలి.

రోజ్‌మేరీకి కళ్లలో నీళ్లొచ్చాయి. వెళుతూ వెళుతూ ఒక కాగితం మీద ఒక్క వాక్యం రాసి నా చేతిలో పెట్టింది. ‘అత్యవసరం దృష్ట్యా ఫ్యాన్‌ను ఆటోలో పెట్టుటకు అనుమతి కోరుచున్నాను.’

“ఇది సంతకమైతే చాలండి,” అంది. “తెర మీద ఆటో అని బొత్తం ఉంటదండి, అది నొక్కండి. ఇంకేం ముట్టుకోకండి. ఫ్యాను సంగతి అదే చూసుకుంటదండి.”

ఆ కాగితం పరదేశయ్యగారి దగ్గర పెట్టాను. ఆయన ఎరుపు సిరాతో ‘ఆటో ఏల? శాఖకు జీపు కలదు కదా’ అని రాసి వెనక్కి పంపారు.

ఇక్కడ నా సంగతి దాచకుండా చెప్పాలి. ఆ ఆటో అంటే ఏమిటో నాకు తెలుసు. రోజ్‌మేరీ చెప్పి అరగంట కూడా కాలేదు. వెళ్లి, ‘సార్, ఆటో అంటే మూడు చక్రాల బండి కాదు’ అనడానికి పది అడుగుల దూరం. అయితే పై అధికారి అర్థం చేసుకున్న దానికి కింది ఉద్యోగి వేరే అర్థం చెప్పవచ్చునని ఏ నిబంధనలోనూ లేదు. ఆయన అడిగింది జీపు గురించి. నేను జీపు గురించి రాశాను. ‘జీపు వరద విధులలో ఉన్నది.’

తిరుగు టపాలో జవాబొచ్చింది. ‘అట్లయినచో ఆటోలో పెట్టవచ్చును. పంకాను యంత్రము నుండి వేరు చేయుట ప్రమాదకరము గనుక యంత్రమును మొత్తముగా పెట్టవలెను. తడవకుండ టార్పాలిను కప్పవలెను.’

ఈలోగా పన్నెండుకు మళ్లీ ఫోను.

“బాబుగారండీ, రేవులో మెట్లన్నీ మునిగినాయండి. మునుగుతాదా, మునగదా?”

నా ఎదురుగా తెర ఉంది. పటం నూటికి డెబ్బై వంతులు పూర్తయింది. కొంగవారిలంక పడమటి అంచు అప్పటికే నీలంగా మారింది. అది చూస్తూనే, “పటం పరిశీలనలో ఉందమ్మా,” అన్నాను.

“కాయితం తరవాత ఇద్దురు గాని, నోటితో ఒక్క మాట సెప్పండి చాలు.”

“ఆమోదం కాకుండా నోటిమాటగా చెప్పకూడదమ్మా. ఫైలు నడుస్తోంది.”

ఆవిడ “సరేనండి,” అని పెట్టేసింది. ఆ సరేనండి నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

పన్నెండూ నలభైకి కనకారావు, ఇంకొక అటెండరు కలిసి ప్లగ్గు పీకి, యంత్రాన్ని దుప్పట్లో చుట్టి, చప్పుడు కాకుండా మెట్లు దింపారు. తెర నల్లబడింది. కింద ఆటోలో వెనక సీటు మీద కూర్చోబెట్టి తాళ్లతో కట్టారు. ఆటో అతను వాన తుడుచుకుంటూ అడిగాడు.

“ఎక్కడికండీ?”

కనకారావు నా వంక చూశాడు. నేను ఉత్తర్వు చూశాను. ఆటోలో పెట్టవచ్చునని ఉంది గాని, ఎక్కడికి తీసుకెళ్లాలో లేదు. ఆ విషయమై మళ్లీ ఫైలు పెట్టాను.

“ఎక్కడికో తెలీకుండా ఎక్కించేశారేంటండి బాబూ!” అని ఆటో అతను మొత్తుకుంటుంటే, మీటరుకు వినబడుతుందని గేటు బయటికి జరగమన్నాం. పైన పరదేశయ్యగారు గోడ దగ్గర నిలబడి మీటరు చూసుకుంటున్నారు. ఇరవై రెండు. మీటరు బిగించిన నాటి నుంచి అంత తక్కువ ఎన్నడూ లేదు. ఆయన మొహం వెలిగిపోయింది. ఆ అంకెను ఫోటో తీసి రాజధానికి పంపారు.

రోజ్‌మేరీ ఒకటిన్నరకు గొడుగు వేసుకుని గేట్లోకి వచ్చింది. టార్పాలిను కింద ఆటోలో కూర్చున్న యంత్రాన్ని చూసి అక్కడే నిలబడిపోయింది. తర్వాత అరిచింది.

“మీకేవైనా బుద్ధుందా అండీ! అవతల జనం ఉన్నారండీ, మనుషులండీ!”

పైన ఎర్రదీపం వెలిగింది. అరవై ఎనిమిది అని నమోదైంది. పరదేశయ్యగారు కిటికీలోంచి వేలు పెదవి మీద పెట్టుకుని చూపించారు. ఆమె ఆయన వంక చూడను కూడా చూడలేదు. ఆటో అతనే ఒక పక్క పట్టాడు. ఇద్దరూ కలిసి యంత్రాన్ని మళ్లీ మేడెక్కించారు. లెక్క మొదటి నుంచీ చేయాల్సి వచ్చింది. ఏ సంతకమూ లేకుండా బొత్తం నొక్కి, ఫ్యాన్లను వాటి ఇష్టానికి వదిలేసింది. గదంతా హోరు. అయిదూ పదికి పటం వచ్చింది. కొంగవారిలంక, మధ్యాహ్నం మూడు గంటల నుంచి ముంపు, ఏడడుగుల దాకా.

అప్పుడు వెంకాయమ్మకు నేనే ఫోను చేశాను. మోగి మోగి ఆగిపోయింది.

మనుషుల్ని జాలరి పడవలవాళ్లు ఎవరూ చెప్పకుండానే వెళ్లి తెచ్చారు. వెంకాయమ్మ మూడు దాటాక మోకాల్లోతు నీళ్లలో నిలబడి, గేదెల పలుపులు కోసేసిందట. రెండు ఈదుకుంటూ గట్టెక్కాయి. నాలుగు పోయాయి.

శాఖలో జరగవలసినవన్నీ సక్రమంగా జరిగాయి. మా పటాన్ని అసలు ముంపుతో పోల్చి చూస్తే అంగుళం కూడా తేడా లేదని నిపుణులు తేల్చారు. ఇంత కచ్చితమైన పటం దేశంలోనే లేదన్నారు. వరదరోజున ఇరవై రెండు డెసిబెళ్లు సాధించినందుకు మా కేంద్రానికి ‘ఉత్తమ మౌన కార్యాలయం’ ప్రశంసాపత్రం వచ్చింది. రోజ్‌మేరీకి అరవై ఎనిమిది డెసిబెళ్లకు మెమో వచ్చింది, రాసింది నేనే. నెలాఖరుకు ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు. ఇప్పుడు యంత్రం ఇరవై శాతం మీద చల్లగా ఉంటుంది, దానికి లెక్కలు ఇవ్వడం మానేశాం.

పదిహేను రోజుల తర్వాత వెంకాయమ్మ ఆఫీసుకు వచ్చింది. ఆవిడను చూడటం అదే మొదటిసారి. సన్నగా, పొట్టిగా ఉంది. గేదెలు పోయినట్టు మా కేంద్రం ధ్రువపత్రం ఇస్తేగాని సాయం అందదని ఎవరో చెప్పారట. కుర్చీ వేశాను. కూర్చోలేదు. నా గొంతు వినగానే గుర్తుపట్టింది.

“ఫోన్లో మాటాడేది తవరేనా అండి?”

“నేనేనమ్మా.”

“ఆ రోజు మజ్జానం తవరికి తెలుసా అండి? మునుగుతాదని?”

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. “తెలుసమ్మా,” అన్నాను.

ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

“అయ్యి మూగయ్యండి,” అంది. “నీళ్లు పొదుగు దాకా వత్తే అయ్యి కూడా అరిసినాయండి. తవరికి నోరుంది గదండి బాబూ.”

నాకు తల కొట్టేసినట్టయింది. నిజంగా సిగ్గేసింది. ఆవిడ ముందే ధ్రువపత్రం కాగితం తీసి, పేరు, ఊరు, తేదీ నా చేత్తో నేనే నింపాను. చనిపోయిన పశువులు అన్న చోట నాలుగు అని రాశాను. ఆ పక్షంలోనే కొత్త పట్టిక ఒకటి వచ్చింది, దాని ప్రకారం సూపరింటెండెంటు రెండు గేదెల వరకే ధ్రువీకరించవచ్చు. నాలుగంటే జాయింట్ డైరెక్టరుగారి పరిధి. ఆయన ఆ వారమంతా మౌన సాధనలో ఉన్నారు. వచ్చే సోమవారం రమ్మన్నాను.